ఖాళీలో ఊపిరి

బ్యాంకులో పనిచేసే ఆవిడ మా షాపు గుమ్మంలోనే నిలబడి, పెన్‌డ్రైవ్ పట్టుకున్న చెయ్యి ముందుకు చాపింది.

"మా నాన్న వీడియోలో ఎవరో ఊపిరి తీస్తున్నారు."

బాబాయి నవ్వాడు. "మీ నాన్నగారేనమ్మా. మనిషన్నాక ఊపిరి తీయరూ?"

"ఆయన మాట్లాడుతుండగానే లోపలికి పీలుస్తున్నారు. మీరు మాట్లాడుతూ గాలి పీల్చి చూపించండి, చూద్దాం."

బాబాయి నోరు తెరిచి ఏదో అనబోయి, గాలి పీల్చబోయి, పొలమారి దగ్గాడు. నాకు నవ్వొచ్చింది కానీ ఆవిడ మొహం చూసి ఆపుకున్నాను. ఆ మొహానికి సరిగ్గా నిద్ర లేదు.

బాబాయిది చిన్న ఎడిటింగ్ షాపు. ముందు గదిలో రెండు కంప్యూటర్లు. వెనక గదిలో ఒక కుర్చీ, ఒక మైకు, చప్పుడు మింగడానికి గోడలకి కొట్టిన పాత దుప్పట్లు. పెద్దవాళ్ళని పిల్లలు తీసుకొచ్చి ఆ కుర్చీలో కూర్చోబెడతారు. వాళ్ళు పుట్టిందీ పెరిగిందీ చెప్పుకుంటారు. మేం దగ్గులూ తడబాట్లూ కోసి, చక్కగా కూర్చి ఇస్తాం. బ్యాంకావిడ వాళ్ళ నాన్న జీవితమంతా చేతిగడియారాలు బాగు చేశాడు. మేము ఆయన్ని వాచీల తాత అనేవాళ్ళం. ఎండుగడ్డిలాంటి సన్నటి గొంతు ఆయనది.

"ఆ ఊపిరి పోయిన మా అమ్మదంటాడు," అంది బ్యాంకావిడ. "పొద్దున్న లేస్తే టీవీ ముందే. భోజనానికి పిలిస్తే ‘ఉండవే, మీ అమ్మకి ఇప్పుడే కునుకు పట్టింది’ అంటాడు. ఆయనకి మతి పోయిందనుకుందామంటే, నాకూ వినబడుతోంది. ఆ గదిలో దీపం వెయ్యడానికి కూడా భయమేస్తోంది. దయచేసి తీసెయ్యండి. సాయంత్రం ఆఫీసు నుంచి వెళ్తూ పట్టుకెళ్తాను."

నిజం చెప్పాలంటే నాకు ప్రాణం లేచొచ్చింది. ఈ షాపులో చేరినప్పటి నుంచీ, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పని చేస్తుంటే నా వెనక ఎవరో ఉన్నట్టే ఉండేది. ఎన్నిసార్లు తిరిగి చూశానో. నేను కూర్చునే కుర్చీ మా పిన్నిది. ఆవిడ పోయాకే నన్ను పనిలోకి పిలిపించారు. చచ్చిపోయిన మనిషి కుర్చీలో కూర్చుంటే ఇలాగే ఉంటుందేమోలే అని సర్దిచెప్పుకుని, ఎవరికీ చెప్పలేదు.

ఆవిడ వెళ్ళాక బాబాయి కుర్చీ నా పక్కకి లాక్కున్నాడు. "దెయ్యానికైనా ఓ దారంటూ ఉండాలి పిల్లా. ఏ ట్రాక్‌లోంచి వస్తోందో పట్టుకో."

ముందు హెడ్‌ఫోన్స్ మార్చాను. ఊపిరి అలాగే ఉంది. కంప్యూటర్ ఫ్యాన్ చప్పుడేమోనని మైకు రికార్డు చేసిన అసలు ముక్క విన్నాను. అందులో లేదు. ఒక్కోసారి సాఫ్ట్‌వేర్ పాత ప్రివ్యూలు దాచుకుని, మనం తీసేసిన చప్పుళ్ళే మళ్ళీ మళ్ళీ వినిపిస్తూ ఉంటుంది. అవన్నీ చెరిపి, మూసి, తెరిచాను. అప్పుడూ ఉంది. తాత గొంతు పొరపాటున రెండుసార్లు పడిందేమో, ఒకదాని వెనక ఒకటి నడుస్తోందేమో చూశాను. ఒక్కటే ఉంది.

"ఇక నోళ్ళు మూయించు, ఒక్కొక్కరివీ," అన్నాడు బాబాయి.

సంగీతం మ్యూట్ చేశాను. తర్వాత తాత గొంతు మ్యూట్ చేశాను. తెర మీద తాత పెదవులు కదులుతున్నాయి, మాట లేదు. ఆ మాట లేనితనంలో, నెమ్మదిగా, ఊపిరి లోపలికి వెళ్ళింది. ఆగింది. బయటికొచ్చింది.

ఇంక మిగిలిన ట్రాక్ ఒక్కటే. ఖాళీ.

మా షాపులో ఖాళీ అంటే చప్పుడు లేకపోవడం కాదు, గదికుండే చప్పుడు. మాటల మధ్య దగ్గు కోసేస్తే అక్కడ గొయ్యి పడుతుంది. కరెంటు పోయినట్టు చెవి ఉలిక్కిపడుతుంది. అందుకని ఎవరూ మాట్లాడని గదిని కాసేపు రికార్డు చేసి, ఆ నిశ్శబ్దాన్ని గొయ్యిలో పోసి పూడుస్తాం. గది అదే, మైకూ అదే కనక బాబాయి ఎప్పుడో తీసిన ఖాళీనే ఇప్పటికీ వాడుతున్నాం. ఎవరి వీడియో అయినా కింద పరుపులా మొదటి నుంచి చివరిదాకా అదే పరిచి ఉంటుంది. వాచీల తాత గొంతు మరీ సన్నగా ఉందని నేను మొత్తం చప్పుడు పెంచాను. దాంతోపాటు పరుపూ పైకి లేచింది.

ఖాళీని ఒక్కదాన్నే విడిగా పెట్టి, ఎంత పెరిగితే అంత పెంచాను. తెర మీది చప్పుడు గీతలో చిన్న చిన్న దిబ్బలు కనబడ్డాయి, వరసగా, కంగారు లేకుండా.

"వినండి బాబాయ్."

హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాడు. కాసేపు తల పక్కకి వంచి విన్నాడు. తర్వాత ఆ తల నిటారుగా లేచింది, ఎవరో పిలిచినట్టు.

"మీ పిన్ని," అన్నాడు.

ఆ వెనక గది సిద్ధం చేసిన రోజట. ఎదురుగా కుర్చీలో పిన్ని ఉంది. నిశ్శబ్దం రికార్డు చెయ్యాలి, చప్పుడు చెయ్యకు అన్నాడట. "‘ఊపిరి కూడా తీసుకోవద్దా మహానుభావా?’ అంది. ‘తీసుకో, కాస్త పొదుపుగా’ అన్నాను. నవ్వాపుకోలేక చీర చెంగు నోట్లో కుక్కుకుంది."

పిన్ని గొంతు నేను చిన్నప్పుడెప్పుడో విన్నాను, గుర్తు లేదు. బాబాయి దగ్గరా లేదు. ఉన్నన్నాళ్ళూ ఆ పెద్దవాళ్ళందర్నీ ప్రశ్నలడిగింది పిన్నే, కెమెరా వెనక నుంచి. కానీ మా పని ప్రశ్న కోసేసి జవాబు ఉంచడం. కోసిందీ ఆవిడే. వీడియో ఇచ్చిన కొన్నాళ్ళకి డిస్కులో చోటు కోసం అసలు ముక్కలు చెరిపేస్తాం. ఆవిడ పోయాక ఆ గొంతు కోసం బాబాయి డిస్కులన్నీ వెతికాడు. ఫోన్లో వెతికాడు. రోజంతా ఒకే గదిలో పనిచేసే మొగుడూపెళ్ళాలు ఒకరికొకరు ఏం మెసేజ్ పంపుకుంటారు? ఎక్కడా ఒక్క మాట దొరకలేదు.

ఇప్పుడు దొరికిందానికి మాట లేదు. దొరికిన పూటే తీసెయ్యాలి.

"కొత్త ఖాళీ తియ్యి," అన్నాడు బాబాయి చివరికి. "మాటిచ్చాం కదా."

మైకు ఆన్ చేసి, తలుపు దగ్గరికి వేసి, ఇద్దరం ముందు గదిలో నిలబడ్డాం. బాబాయి నా చెవి దగ్గర గుసగుసగా అడిగాడు: "లోపల ఎవరూ లేరుగా?"

లేరన్నాను.

పాత ఖాళీ తీసి కొత్తది పరిచాను. తాత గొంతు శుభ్రంగా ఉంది. మాటల మధ్య ఎవరూ లేరు. బ్యాంకావిడ వచ్చి, విని, దణ్ణం పెట్టి పట్టుకెళ్ళింది.

మర్నాడు మేం షాపు తెరిచేసరికి మెట్ల మీద వాచీల తాత కూర్చుని ఉన్నాడు.

"గడియారం బాగుచెయ్యమంటే టిక్కుటిక్కు తీసేసే రకంలా ఉన్నారే మీరు!" అన్నాడు, పలకరింపు కూడా లేకుండా. "ఎవరు తీయమన్నారు మిమ్మల్ని?"

"మీ అమ్మాయిగారే," అన్నాను.

"దానికి భయం. చిన్నప్పుడు బొద్దింకలకి భయపడేది, ఇప్పుడు వాళ్ళమ్మకి భయపడుతోంది. నాది నాకు ఇచ్చెయ్యండి."

బాబాయి ఆయన్ని లోపలికి తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. "తాతగారూ, తప్పుగా అనుకోకండి. అది మీ ఆవిడ కాదు. నా భార్య." జరిగిందంతా చెప్పాడు. పాత ఖాళీ పెట్టి హెడ్‌ఫోన్స్ ఇచ్చాడు.

తాత కళ్ళు మూసుకున్నాడు. గడియారాన్ని చెవికి ఆనించుకున్నవాడిలా ఒక పక్కకి ఒరిగాడు.

"చివర్లో సన్నటి ఈల ఉంది, విన్నావా?" అన్నాడు. "మా ఆవిడకి అచ్చం ఇంతే. మీ ఆవిడకి ఉండేదా?"

బాబాయి హెడ్‌ఫోన్స్ తీసుకుని విన్నాడు. మళ్ళీ విన్నాడు. "ఉండేది... ఉండేదనుకుంటానండీ."

"అనుకోవడం కాదు బాబూ. పక్కన పడుకుని ఇన్నేళ్ళు వినలేదూ?"

"నాకు పడుకోగానే నిద్రపట్టేసేది," అన్నాడు బాబాయి.

ఆ మాట అనేశాక ఆయన మొహం చూడలేకపోయాను. నిన్న దొరికిన మనిషి ఇవాళ మళ్ళీ పోయినట్టుంది. రికార్డు చేసింది ఆయనే. ఎదురుగా ఉన్నది ఆవిడే. కానీ ఊపిరి మీద ఎవరి పేరూ రాసి ఉండదు. ఇది నా భార్యదేనని గుర్తుపట్టడానికి ఆయన దగ్గర పాత ఊపిరి ఏదీ లేదు.

తాత కూడా తిట్టడం ఆపేశాడు. "నేను మాత్రం విన్నానా ఏంటి?" అన్నాడు. "ఆవిడ మాట్లాడుతుంటే చెవికి వాచీ ఆనించుకుని ‘ఉండవే, చప్పుడు చెయ్యకు’ అనేవాణ్ణి. మీ వీడియోలోనే మొదటిసారి విన్నాను."

అప్పుడే ఫోన్ మోగింది. బ్యాంకావిడ. గొంతు గట్టిగా ఉండటంతో నాకూ వినబడుతోంది.

"మా నాన్న అక్కడికొచ్చాడా? పాతది అడుగుతాడు, ఇవ్వకండి. మీకు పుణ్యముంటుంది. ఇంతకీ ఏంటది? ఎక్కడి నుంచొచ్చింది?"

సాఫ్ట్‌వేర్‌లో తేడా అంటే సరిపోతుంది. రోజుకి ఎంతమందికి చెబుతాం ఆ మాట! నేను అదే అంటాడనుకున్నాను. తాత తల వంచుకుని నేలకేసి చూస్తున్నాడు.

"మా ఆవిడమ్మా," అన్నాడు బాబాయి. ఈసారి అనుకుంటానని అనలేదు. "అప్పట్లో ఆ గది చప్పుడు రికార్డు చేసేటప్పుడు లోపల ఉంది. పోయి మూడేళ్ళయింది. ఎవర్నీ ఏమీ అనే మనిషి కాదు, మీరు భయపడకండి. మీ నాన్నగార్ని ఆయన పిలిచే పేరుతోనే పిలవనివ్వండి. వీలైతే మీ ఇంట్లో ఉండనివ్వండి."

అట్నుంచి ఆవిడ ఫోన్ పెట్టెయ్యలేదు.

తాత జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి నా ముందు పెట్టాడు. నేను బాబాయి వైపు చూశాను. ఆయన ఫోన్ చెవి నుంచి తియ్యకుండానే, పాతదే ఇచ్చెయ్యమని తల ఊపాడు.