పేరు లేని క్రీము

పర్చూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీ యజమాని తన మనవరాలి ఓణీల ఫంక్షన్ ఘనంగా చేశాడు. ఆ స్టోరేజీలో సూపర్‌వైజరుగా పనిచేసే ఏసుబాబు భార్యను తీసుకుని వెళ్ళాడు. యాభై దాటినా జుట్టుకు రంగేసుకుని, ఇస్త్రీ చొక్కా టక్ చేసుకుని తిరిగే మనిషి. అతని భార్య రెబ్కాకి నలభై ఏడు. ఊళ్ళో ఎయిడెడ్ హైస్కూల్లో తెలుగు టీచరు. భోజనాల దగ్గర గుంటూరు నుంచి వచ్చిన మిర్చి వ్యాపారి ఒకాయన ఏసుబాబు భుజం తట్టి పలకరించి, పక్కనున్న రెబ్కా వైపు చూసి, "మీ అక్కగారా?" అన్నాడు.

ఏసుబాబు నవ్వాడు. నవ్వి, గ్లాసెత్తి నీళ్ళు తాగి, గ్లాసు దించాక అప్పుడన్నాడు, "మా ఆవిడండీ" అని.

వ్యాపారి నాలిక కరుచుకుని, "ఏమనుకోకమ్మా" అంటూ వెళ్ళిపోయాడు. రెబ్కా ఏమీ అనుకోనట్టే కూర్చుంది. విస్తట్లో సగం మాత్రం వదిలేసి లేచింది. ఇంటికొచ్చేటప్పుడు బండి వెనక కూర్చుని, ఈయన ఇప్పుడేమన్నా అంటాడు, ఇప్పుడేమన్నా అంటాడు అని ఊరి పొలిమేర దాకా ఎదురుచూసింది. గుత్తివంకాయ బాగా కుదిరిందన్నాడు ఏసుబాబు.

అప్పటిదాకా ముఖమంటే ఆమెకు పొద్దున్నే సబ్బుతో కడిగి, పౌడరద్ది, బడికి పట్టుకెళ్ళేదే. ఆ రోజు అద్దం ముందు చాలాసేపు నిలబడింది. రెండో కాన్పు తర్వాత బుగ్గల మీద మొదలైన మంగు ఎప్పుడు ముక్కు మీదికి పాకిందో తను చూసుకోనేలేదు. ఏళ్ళ తరబడి క్లాసుల్లో అరిచి అరిచి నోటికి రెండు పక్కలా గీతలు పడ్డాయి. మెడ మీది చర్మం వదులైంది. ఇవన్నీ ఉన్నాయని ఎవరో చెబితే గాని తెలియకపోవడం ఆమెకు చిరాకు తెప్పించింది. తెలిశాక అవి తప్ప ఇంకేమీ కనపడకపోవడం ఇంకా చిరాకు తెప్పించింది.

ఆ వారమే బస్టాండు దగ్గర కోటిరత్నం కొట్టుకి జాకెట్టు లైనింగు కోసం వెళ్ళింది. ఇద్దరూ పదో తరగతి దాకా ఒకే బెంచీ. భర్త పోయాక కోటిరత్నం ఫ్యాన్సీ షాపు పెట్టుకుని ఇద్దరు ఆడపిల్లల్ని చదివించుకుంది. ఆమె ముఖం గాజుల అరల మధ్య ట్యూబులైటు కింద నిగనిగలాడుతోంది.

"ఏమే, ఏం రాస్తున్నావే నువ్వు?" అంది రెబ్కా, లైనింగు సంగతి మర్చిపోయి.

"అడుగుతావని చూస్తున్నాలే ఎన్నాళ్ళనించో," అని నవ్వి, కోటిరత్నం బల్లకింద నుంచి ఓ తెల్ల డబ్బా తీసింది. "పడుకోబోయే ముందు శనగగింజంత రాయి. ఎవరికీ చెప్పమాక, సరుకు తక్కువొస్తంది."

రెబ్కా డబ్బాను తిప్పి తిప్పి చూసింది. "దీనిమీద ఏమీ రాసి లేదేంటే? కంపెనీ పేరన్నా లేదు."

"రాసి ఉన్నవన్నీ నేను వాడి చూశా. ఒక్కటన్నా పనిచేసిందా?"

రెబ్కా ఆమె ముఖం వైపు ఇంకోసారి చూసి, డబ్బా తీసుకెళ్ళింది.

అది పనిచేసింది. అదే వచ్చిన చిక్కు. నెల తిరిగేసరికి మంగు అద్దిన రంగులా వెలిసిపోయింది. చర్మం బిగిసి, లోపల దీపం పెట్టినట్టయింది. స్టాఫ్ రూములో కొత్తగా చేరిన పంతులమ్మలు చుట్టూ మూగి అడిగారు. ఒక ఆదివారం చర్చికి బయల్దేరుతుంటే ఏసుబాబు బండి తాళం చేత్తో పట్టుకుని ఆగి, "ఈమధ్య భలే కళగా ఉంటున్నావే" అన్నాడు. రెబ్కాకి ఎంత సంతోషం కలిగిందంటే, ఆ సంతోషాన్ని చూసుకుని తనమీద తనకే కోపం వచ్చింది. పిల్లలకు ఆత్మగౌరవం గురించి వ్యాసాలు రాయించే తను, శనగగింజంత క్రీముకి ఇట్లా పొంగిపోతోందే అనుకుంది. అయినా రాయడం ఆపలేదు.

మిరప కోతలు వచ్చాయి. బడికి వెళ్ళే దారికి రెండు పక్కలా కళ్ళాల్లో కాయలు ఆరబోశారు. ఎండకి ఘాటు గాలిలోకి లేచి దారినపోయేవాళ్ళు తుమ్ముతూ పోతున్నారు. చిన్నప్పటి నుంచీ ఆ గాలిలోనే పెరిగిన రెబ్కాకి ఆ ఏడు అది చెంపల మీద కొట్టినట్టు తగిలింది. ముందు చిరచిర, తర్వాత మంట. క్రీము రాస్తే తగ్గేది. రెండ్రోజులు మానితే ముఖమంతా కందిపోయి చిన్న చిన్న పొక్కులు లేచేవి. మళ్ళీ రాసేది. చెంపల మీద సన్నటి ఎర్రటి నరాలు పైకి తేలాయి. చెవుల దగ్గర నూగు వెంట్రుకలు మొలిచాయి.

"టీచర్, మీకు జ్వరమా?" అన్నారు తొమ్మిదో తరగతి పిల్లలు.

"బీపీ చూపించుకోకూడదూ?" అన్నాడు ఏసుబాబు, పేపర్లోంచి తలెత్తకుండా.

శనివారం మధ్యాహ్నం బడి వదలగానే రెబ్కా నేరుగా కోటిరత్నం కొట్టుకెళ్ళింది. దారంతా ఏమేం అనాలో కూడగట్టుకుంటూ వచ్చింది. కొట్టులో బేరాలు లేవు. ముఖానికి చుట్టుకున్న చున్నీ లాగేసి, "చూడవే. చూడు నేనెట్లా ఉన్నానో," అంది.

"వేడి చేసుంటది. మజ్జిగ తాగు," అంది కోటిరత్నం గాజులు సర్దుతూ.

"మజ్జిగా? ముఖం తగలడిపోతుంటే మజ్జిగ తాగమంటావా? అందులో ఏం కలిపారో తెలుసా నీకు? తెలియకుండానే ఊరందరికీ అమ్ముతున్నావా? నలభై ఏళ్ళ స్నేహంలో నీకు నా ముఖమే దొరికిందా?"

కోటిరత్నం గాజులు వదిలేసింది. లేచి షట్టరు సగం దించింది. వెనక కుళాయి దగ్గరికెళ్ళి ముఖాన సబ్బు రుద్దుకుని, రెండు సార్లు కడుక్కుని, తుండుతో అద్దుకుంటూ వచ్చి వెలుతురులో నిలబడింది.

ట్యూబులైటు కింద మెరిసే ముఖం అంతా పౌడరే. దాని కింద చెంపలు ఉడికిన దుంపలా ఎర్రగా ఉన్నాయి. గడ్డం చుట్టూ చీము పొక్కులు. కళ్ళ కింద చర్మం ఎంత పలచబడిందంటే లోపలి నరాలు లెక్కపెట్టేట్టున్నాయి.

"మానలేకపోతున్నానే," అంది కోటిరత్నం. "మానితే నిప్పులు పోసినట్టుంటది. ఈ ముఖంతో కౌంటర్లో కూర్చుంటే నా దగ్గర పౌడరు డబ్బా ఎవరు కొంటారు? బోర్డు చూసి ఎవరొస్తారే, నా ముఖం చూసి వస్తారు."

దారంతా కూడగట్టుకున్న తిట్లలో మిగిలినవి రెబ్కా దగ్గర అట్లాగే ఉండిపోయాయి. ఎవరిని తిట్టాలి? స్టూలు మీద కూలబడింది. "నాకు చెప్పొచ్చు కదే," అంది చివరికి.

"నువ్వు బాగయ్యావని మురిసిపోతుంటే ఎట్లా చెప్పేది?"

మర్నాడు ఆదివారం. సోమవారం రెబ్కా సెలవు పెట్టింది, కోటిరత్నం కొట్టు మూసింది. ఇద్దరూ ముఖాలకు చున్నీలు చుట్టుకుని ఒంగోలు బస్సెక్కారు. చర్మం డాక్టరమ్మ ఇద్దర్నీ లైటు కింద చూసి, డబ్బా వాసన చూసి, "ఇది స్టెరాయిడ్ కలిపిన క్రీమే అయ్యుంటుంది. మీలాంటివాళ్ళు రోజూ వస్తున్నారు," అంది. "ఇవాళ్టి నుంచి ముట్టుకోకండి. మానేశాక కొన్నాళ్ళు ఇంకా ఎక్కువవుతుంది, భయపడి మళ్ళీ రాశారంటే మొదటికొస్తుంది. మంగు తిరిగి రావచ్చు. ఎండలోకెళ్తే ఈ సన్‌స్క్రీన్ రాసుకోండి."

"మరి ముడతలకేమన్నా ఉందా అమ్మా?" అంది కోటిరత్నం. రెబ్కా ఆమె కాలు తొక్కింది.

డాక్టరమ్మ నవ్వింది. "వయసుకి మందేంటమ్మా? మీ వయసుకి మీరు బాగానే ఉన్నారు."

బయటికొచ్చి మందుల కోసం నిలబడితే ఎదురుగా గోడమీద నిలువెత్తు బొమ్మ. ఒకే ఆడమనిషి ముఖం, సగం ముడతలు, సగం నున్నగా. కింద పెద్దక్షరాలతో 'పదేళ్ళు వెనక్కి వెళ్ళండి' అని ఉంది.

"లోపల బాగానే ఉన్నారంది, బయట ఇదేంటే?" అని రెబ్కా గట్టిగానే అంది. మందులిచ్చే అమ్మాయి తలొంచుకుంది. కోటిరత్నం ఆ బొమ్మవైపే చూస్తూ, "నిజంగా అంత నున్నగా అవుద్దంటావా?" అంది. రెబ్కా ఆమెను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

డాక్టరమ్మ చెప్పినట్టే మానేశాక ఎక్కువైంది. ఒక సాయంత్రం రెబ్కా తడిగుడ్డ ముఖాన వేసుకుని కుర్చీలో వాలి ఉంది. పనినించి వచ్చిన ఏసుబాబు చూసి కంగారుపడ్డాడు. కంగారు అతనికి కోపంలాగే వస్తుంది. "ఎవరు రాసుకోమన్నారు నిన్నా దిక్కుమాలిన క్రీము? నేనడిగానా?"

రెబ్కా గుడ్డ తీసింది. "ఆ రోజు మీరెందుకు నవ్వారు?"

"ఏ రోజు?"

"ఓణీల ఫంక్షన్లో. ఆ గుంటూరాయన అక్కగారా అన్నప్పుడు."

ఏసుబాబు నిలబడి ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. అది అతని ముఖంలో కనిపిస్తూనే ఉంది. "ఎవరన్నారట్లా? నాకు గుర్తులేదే."

అతను బుకాయించినా బాగుండేదనిపించింది రెబ్కాకి. ఎగతాళికే నవ్వానన్నా పోట్లాడటానికి ఏదో ఒకటి ఉండేది. తను ఇన్నాళ్ళూ మోసిన మాట అతని చెవిదాకా కూడా చేరలేదు.

"అంత చిన్న మాటకి ఇంత పని చేశావా?" అన్నాడు.

"మీ జుట్టుకు రంగెందుకేసుకుంటున్నారు మరి?"

"అది వేరు. కోల్డ్ స్టోరేజీకి పదిమంది వస్తారు, పోతారు. ముసలాడనుకుంటే మాట వినరు."

"నా దగ్గరికెవరూ రారా? నన్నెవరూ చూడరా? మీకు నెరిస్తే మాట విననివాళ్ళు నాకు ముడతలొస్తే వింటారా?" కన్నీళ్ళు చెంపల మీదికి జారితే మంటెక్కి, అందుకూ ఒక ఏడుపు వచ్చింది.

ఏసుబాబు లోపలికెళ్ళి, ఫ్రిజ్‌లోంచి ఐసు తీసి చేతిరుమాల్లో మూటగట్టి తెచ్చిచ్చాడు. "ఏడవమాక. ఉప్పునీళ్ళు తగిలితే ఇంకా మండుద్ది." అది జవాబు కాదు. అయినా ఆమె ఆ మూట తీసుకుని చెంపకు ఆనించుకుంది.

రెబ్కా కోటిరత్నాన్ని వదల్లేదు. కొన్నవాళ్ళందరికీ చెప్పమని వెంటపడింది. కోటిరత్నం గునిసింది, తిట్టింది, చివరికి మిగిలిన డబ్బాలన్నీ కాలవలో గుమ్మరించింది. ఆ రోజు రెబ్కా అక్కడే ఉండగా పక్క ఊరినుంచి శివపార్వతి అనే రైతు భార్య వచ్చింది. ఆమె అంతకుముందో డబ్బా వాడింది. ఇంకోటి కావాలంది.

"అది మంచిది కాదమ్మా, అమ్మడం మానేశా," అంది కోటిరత్నం.

"చిన్నదాని నిశ్చితార్థం ఉందక్కా. అప్పటిదాకా రాసుకుని మానేస్తా."

రెబ్కా చున్నీ తీసి ముందుకొచ్చింది. "నన్ను చూడండి. ఆ క్రీమే ఇట్లా చేసింది."

శివపార్వతి దగ్గరికొచ్చి శ్రద్ధగా చూసింది. "ఎరుపే కదండీ టీచరుగారూ. దాని కింద తెలుపుంది. నాకీమాత్రం తెలుపొచ్చినా చాలు."

"తెలుపు కాదండీ అది, చర్మం అరిగిపోతే అట్లా కనపడుద్ది!"

"మీకేమండీ, మీరెట్లా ఉన్నా మేడమ్ అంటారు," అంది శివపార్వతి నెమ్మదిగా. "అబ్బాయి తరపువాళ్ళు మొదటిసారి వచ్చినప్పుడు నేను చేలోనించి అప్పుడే వచ్చా. పనిమనిషిననుకుని చెంబుతో నీళ్ళు తెమ్మన్నారు. తెచ్చిచ్చా. మా ఆయన ఈమె అమ్మాయి తల్లి అని చెప్తే అందరూ నవ్వారు. నేనూ నవ్వా." చేతిసంచి చంకలో పెట్టుకుంది. "పోనీలెండి, పేటలో దొరక్కపోద్దా?"

ఆమె వెళ్ళి చిలకలూరిపేట ఆటోలో కూర్చుంది. రెబ్కాకి ఆ వ్యాపారి మీద, ఏసుబాబు మీద, డాక్టరమ్మ గోడమీది బొమ్మ మీద, ఎరుపు కింద తెలుపు వెతుక్కునే ఈ మనిషి మీద ఒక్కసారిగా కోపం వచ్చింది. చెప్పాల్సిందంతా చెప్పింది, ముఖం విప్పి చూపించింది. ఇంకేం చూపించాలి?

"చెప్పాం కదే. ఇంకేం చేస్తాం?" అంది కోటిరత్నం.

రెబ్కా గబగబా వెళ్ళి అదే ఆటో ఎక్కి శివపార్వతి పక్కన ఇరుక్కుని కూర్చుంది. "పదండి, నేనూ వస్తా. కొనేదేదో నా ముందర కొనండి."

"ఇదేం గోలండీ?" అంది శివపార్వతి. ఆటో కదిలింది. ఎండ ముఖాన కొట్టింది. చున్నీ కోటిరత్నం బల్ల మీదే ఉండిపోయిందని రెబ్కాకి అప్పుడు తెలిసింది. ఎదురు సీటువాళ్ళు తన చెంపల్నే చూస్తున్నారు. చూడనీ అనుకోవాలని ఉంది గాని అనుకోలేకపోయింది. ముఖం పక్కకు తిప్పుకోవడం మాత్రం మానింది.

ఆ రోజు పేటలో శివపార్వతి క్రీము కొనలేదు. రెబ్కా ప్రతి కొట్టు ముందూ పక్కనే నిలబడి కొట్టువాళ్ళను నిలదీస్తుంటే సిగ్గుపడి, పూలు కొనుక్కుని తిరుగు ఆటో ఎక్కింది. తర్వాత ఒక్కతే వెళ్ళి కొన్నదేమో రెబ్కాకి తెలియదు. నిశ్చితార్థానికి పిలుపు మాత్రం రాలేదు.

వానలు పడేసరికి రెబ్కా ముఖంలో మంట తగ్గింది. మంగు తిరిగొచ్చింది, మునుపటికంటే కాస్త ముదురుగానే. ఆ ముఖాన్నే సబ్బుతో కడిగి, చున్నీ చుట్టకుండా బడికి పట్టుకెళ్ళింది.