అక్క గది నేల

నేలకు బూజు పట్టాలని కోరుకునే మనిషిని మీరెప్పుడూ చూసి ఉండరు. ఆ మనిషిని నేనే.

న్యూజిలాండ్‌లోని డనీడిన్‌లో, లోయకు ఎండ రాని వైపు ఉంది మా ఇల్లు. మాకు చలికాలం జూన్‌లో. అది వచ్చిందంటే తెల్లారేసరికి కిటికీ అద్దాలన్నీ చెమర్చి నీళ్ళు కారుతుంటాయి. ఆ తడి చెక్క నేలలోకి దిగిందా, ఇక నల్ల బూజే. మా అక్క మోరాగ్ ఉన్నన్నాళ్ళూ దానికి ఆ సందు ఇవ్వలేదు. బయట మంచు గడ్డకట్టి ఉన్నా సరే, పొద్దున్నే కిటికీలన్నీ బార్లా తెరిచేది. అద్దాలు తుడిచేది. తివాచీలు చుట్టి నిలబెట్టేది. మంచాలు గోడకు ఆనకుండా జరిపేది. నేను దుప్పట్లోంచే తిట్టేదాన్ని.

"చలికి చచ్చిపోతున్నా, మూసెయ్ అక్కా."

"చస్తే చావు. నేల బాగుంటుంది," అనేది.

అలాంటి మనిషి అరవై దాటాక పెళ్ళి చేసుకుని, మొన్న మార్చిలో క్లైవ్ బావ వెంట సముద్రం దాటి ఆస్ట్రేలియాలోని కెయిర్న్స్ వెళ్ళిపోయింది. అక్కడ చలికాలమే లేదట. "నేలకు బూజు పడితే ఫోన్ చెయ్యి ఎల్స్‌పెత్, నేనే వచ్చి బాగుచేస్తా," అంది గుమ్మంలో నిలబడి. అంతకు మించి ఏమీ అనలేదు. మా ఇంట్లో ఎవరూ ఎవరినీ ఊరికే రమ్మని పిలవరు. చావో, పైకప్పు కారడమో, ఏదో ఒక పని పడాలి. నిన్ను చూడాలనుంది అని నోరు తెరిచి చెప్పడం మా అమ్మకూ రాలేదు, మాకూ రాలేదు.

అందుకని బూజు పెంచే పనిలో పడ్డాను. కిటికీలు బిగించాను. తివాచీలు పరిచాను. నా మంచం గోడకు నెట్టాను. ఉతికిన బట్టలు ఇంట్లోనే పొయ్యి పక్కన ఆరేశాను. ఒక్క మనిషి బట్టలు ఏపాటి ఉంటాయి? ఒక స్వెటరు, రెండు జతల మేజోళ్ళు. సూపు కాచినా ఒక్క గిన్నెడే. ఆదివారం తివాచీ ఎత్తి చూస్తే చెక్క పొడిగా మెరుస్తూ ఉండేది. ఒళ్ళు మండిపోయేది. ఇద్దరం ఉన్నప్పుడు ఎంత తుడిచినా పోని తడి, నా ఒక్కదాని కోసం రానంటోంది.

పక్కింటి డగల్ కంచె దగ్గర ఆగి చూశాడు. "కిటికీలు తెరవడం లేదేం? మీ అక్క చూస్తే చంపేస్తుంది."

"చంపడానికైనా రావాలిగా," అన్నాను.

ఆగస్టు మొదట్లో ఇంకో దుప్పటి కావాల్సి వచ్చి అక్క గది తెరిచాను. ఆ ఖాళీ మంచం చూడలేక, ఆమె వెళ్ళిన రోజే తలుపు మూసేశాను. తీయగానే ముక్క వాసన గుప్పుమంది. వేడి తగలని గది కదా, ఇంట్లో తడంతా అక్కడికే చేరింది. మంచం పక్కన, పొద్దున లేవగానే ఆమె కాళ్ళు మోపే చోట, పాదాల రాపిడికి రంగు వెలిసిన చెక్కల మీద, చుక్కలు చుక్కలుగా నల్ల బూజు.

నేను ఎదురుచూసింది దీనికోసమే. ఫోన్ దగ్గరికి పరుగెత్తాలి. అది మానేసి, కిటికీ తెరిచి, వినెగర్‌లో గుడ్డ ముంచి, మోకాళ్ళ మీద కూర్చుని ఏడుస్తూ తుడిచాను. ఆమె నిలబడిన చోటు నల్లబడిపోతుంటే చూస్తూ ఉండడం నా వల్ల కాలేదు. ఒక్క చుక్క కూడా మిగల్చలేదు.

గుడ్డ చేతిలో ఉండగానే ఫోన్ మోగింది. అక్క.

"ఏమే, నేల ఎలా ఉంది?"

"బ్రహ్మాండంగా ఉంది," అన్నాను. నా పొగరు నాది.

"మూలల్లో చూశావా?"

"చూశాను."

"నా మంచం కింద?"

"అక్కడా ఏం లేదక్కా."

"కొంచెం కూడా లేదా?"

"లేదు."

"ఓహో," అంది. అటువైపు ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. "సరేలే. అయితే నేను వచ్చే పని లేదన్నమాట." గొంతు దిగిపోయింది. "మరీ అంత శుభ్రంగా ఉంచక్కర్లేదే," అని ఫోన్ పెట్టేసింది.

నేను గుడ్డ పిండి ఆరేసి, అక్క గదిలోకి వెళ్ళి, కిటికీ మూసి గడియ పెట్టాను. తివాచీ తెచ్చి ఆమె మంచం పక్కన పరిచాను. చలికాలం పోవడానికి ఇంకా నెల రోజులుంది.