రెండుసార్లు పడిన చక్కెర

బీరు గ్లాసును బట్టతో తుడవకూడదు. ఎంత ఉతికిన బట్టయినా ఒక నూలుపోగు వదులుతుంది, దాని చుట్టూ నురగ లేస్తుంది. పోసే ముందు గ్లాసును చల్లటి నీళ్లతో కడిగి, తడిగా ఉండగానే వంచి, గోడ వెంట జారేలా పోయాలి. సగం దాటాక నిలబెట్టాలి. అడుగున ఉన్న మడ్డి సీసాలోనే ఉండిపోవాలి. నేను పనిచేసే ఇంటి యజమాని రఘుపతి సార్ ఇంగ్లీషు పుస్తకం చూసి చెప్పింది కొంత తెలుగులో రాసుకున్నాను, మిగిలింది పోసి పోసి నేర్చుకున్నాను. నేను బడికి పోలేదు. మా అమ్మాయి ఒకటో తరగతి వాచకం పక్కన కూర్చుని అక్షరాలు పట్టుకున్నదాన్ని. ఆ చదువు అరవై రెండేళ్ల వయసులో, గల్ఫ్‌లో సీబ్ అనే ఊళ్లో ఒక విల్లా స్టోర్‌రూములో, బీరు చేయడానికి పనికొచ్చింది.

ఆ స్టోర్‌రూమే నా పడకగది. తొమ్మిది ఎండాకాలాలు అందులో ఫ్యాను కింద తడిగుడ్డ కప్పుకుని పడుకున్నాను. సార్‌కి ఈ సరదా పట్టాక, వేడికి సీసాలు పగులుతాయని ఏసీ పెట్టించారు. "నీ అదృష్టం, సుబ్బమ్మా" అన్నారు. నా పేరు సుబ్బలక్ష్మమ్మ. ఇంట్లో బీరు చేస్తున్నట్టు బయట తెలిస్తే పోలీసులతో కష్టమని కూడా అన్నారు. అప్పటినుంచి గేటు చప్పుడైతే చాలు, స్టోర్‌రూము తలుపు మూసేస్తాను. అతిథుల ముందు మాత్రం "ఇదంతా నేనే చేసిన" అంటారు. నేను ట్రే పట్టుకుని వింటూ ఉంటాను.

పక్క విల్లాలో అరబ్బు ఇంటావిడ నాదియా మామా దగ్గర ఖాజాబీ పనిచేసేది. రాయచోటి మనిషి, నాది పులివెందుల. పదకొండేళ్లుగా మాకు బట్టలారేసే వేళే మాటల వేళ. రెండిళ్ల మధ్య గోడకు అటు ఆమె, ఇటు నేను. నాకు జ్వరమొస్తే గోడ మీంచి గంజి అందించేది. నా మీద కోపమొస్తే నాలుగు రోజులు దుప్పట్లు మాత్రమే ఆరేసి, నా మొహం కనిపించకుండా చేసేది.

మూడు వారాల కిందట, బీరు సీసాల్లోకి ఎత్తే రోజు, చక్కెర పాకం కాచి బకెట్లో కలిపాను. సీసాలో గ్యాస్ పుట్టేది ఆ చక్కెరతోనే. అప్పుడే గోడ అవతల నుంచి ఖాజాబీ పిలిచింది.

"అక్కా, వీసా క్యాన్సిల్ చేసుకుంటాండా. ఒకటో తేదీ శుక్రవారానికి టికెట్టు తీసినారు."

"మళ్లా రావా?"

"మోకాళ్లు ఒప్పుకోవడంల్యా. పొయ్యి కాడ నిలబడల్యాకున్నా."

లోపలికొచ్చి మళ్లీ పాకం కాచాను. మళ్లీ కలిపాను. చేతులు వాటి పని అవి చేశాయి. నా కళ్ల ముందు మాత్రం పాత మనుషులు. మా ఆయన పోయాడని ఫోనొచ్చినప్పుడు ఇదే వంటింట్లో పూరీలు వేస్తున్నాను. "అయ్యో" అన్నారు సార్, తర్వాత "ఇంకో నాలుగున్నాయి కదా, అవి వేసేసి కూర్చో" అన్నారు. మా అమ్మ పోయింది. మా అమ్మాయి రామలక్ష్మికి మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు. అన్నీ ఫోన్లోనే విన్నాను. పోయేవాళ్లను సాగనంపడం నా చేతికి ఒక్కసారీ దక్కలేదు.

ఐదో రోజు రుచి చూద్దామని ఒక సీసా తీశాను. నురగ పైకి చిమ్మి నా జుట్టంతా తడిపింది. అప్పుడు తెలిసింది, చక్కెర రెండుసార్లు పడిందని. ఎవరికీ చెప్పలేదు. అన్నీ ఫ్రిజ్‌లోకి మార్చాను. రోజూ పొద్దున సీసాలు పగలకుండా ఒక్కోదాని తీగతో బిగించే మూత కాస్త వదులు చేసి, స్... అని గాలి పోయాక మళ్లీ బిగించేదాన్ని. ముప్పై సీసాలు. ఒక్కో చప్పుడు వింటూ ఖాజాబీ పోవడానికి ఇంకా ఎన్ని రోజులున్నాయో లెక్కపెట్టుకున్నాను.

శుక్రవారం వచ్చింది. డ్రైవర్ కమ్రాన్ ఐదింటికి ఖాజాబీని ఎయిర్‌పోర్టుకు తీసుకుపోతాడు. నన్ను కూడా ఎక్కించుకుని తిరిగి దింపుతానన్నాడు. అదే ఐదింటికి సార్ స్నేహితులు ఎనిమిదిమంది వస్తున్నారు. పోయొస్తానని సార్‌ని అడిగాను.

"పక్కింటి పనిమనిషికి సెండాఫ్ ఏంది సుబ్బమ్మా? వాట్సాప్‌ల వీడియో కాల్ చెయ్యి. నువ్వు పోతే వీటిని ఎవరు పోస్తరు?"

సార్ భార్య సంధ్య మేడమ్ ఉల్లిపాయలు కోస్తూ, "రెండు గంటల్లో వచ్చేస్తుంది కదండీ. నేను పోస్తాను" అంది.

"నీకు రాదు, నువ్వుండు."

ఆమె తల వంచుకుంది. ఇక్కడికి రాకముందు ఆమె కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేది.

ఆ వంచిన తల చూశాను. అలా తల వంచి నేనెన్ని పూరీలు వేశానో.

"సార్, ఈసారి చక్కెర రెండుసార్లు పడింది. తప్పు నాదే. గ్యాస్ చాలావరకు తీశాను, ఇంకా ఉంది. మూత మెల్లగా వదలాలి. తొందరపడితే కార్పెట్ మీద పడుతుంది. మేడమ్‌కి రాసిచ్చాను."

"మరి నువ్వు?"

"నేను పోతాండా సార్."

ఆయన ఏదో అన్నారు. అప్పటికి చెప్పులేసుకున్నాను.

ఎయిర్‌పోర్టులో, లోపలికి పంపే చోట, ఖాజాబీ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. వెనక లైనులో వాళ్లు తోస్తున్నారు.

"సారు తిడతాడేమో పో అక్కా."

"తిట్టనీ."

"నన్నయితే సాగనంపినావు. నువ్వు పొయ్యేటప్పుడు ఎవురొస్తారు ఈడికి?"

ఆమె పాస్‌పోర్టు చూపించింది, రెండడుగులు లోపలికి వేసింది. నాలుగేళ్ల కిందట కొన్న ఆకుపచ్చ చున్నీ భుజం మీంచి జారుతోంది. ఇంకో మలుపు తిరిగితే కనిపించదు.

"ఏమ్మే, ఖాజాబీ" అని పిలిచాను. అందరూ తిరిగి చూశారు. "పులివెందుల నుంచి మీ ఊరికి బస్సు ఎన్నింటికుంటుంది?"

"దేనికక్కా?"

"వచ్చే నెలతో నా వీసా అయిపోతాది. ఈసారి రెన్యువల్ వద్దని చెప్తా."