నలభై గొంతుల్లో ఒకటి

తూనికలు, కొలతల ఇన్‌స్పెక్టర్‌గా ముప్పై ఏళ్ళు చేసి రిటైరైన పెద్దమనిషి ఇంటికి ఆ ఆదివారం పొద్దున్నే మూడు పెట్టెలు వచ్చాయి. కంప్యూటర్లో అంకెలుగా దాక్కున్న పాటని బయటికి లాగి స్పీకర్లకి అందించే కన్వర్టర్లవి. దుకాణం ఆయన సాయంత్రం ఐదింటిదాకా గడువిచ్చాడు. నచ్చినది ఉంచుకుని మిగతా రెండూ తిరిగిచ్చెయ్యాలి.

ఇంకొకరైతే ఒక్కోదాంట్లో ఓ పాట విని తేల్చేసేవారు. ఇన్‌స్పెక్టర్ ఆ రకం కాదు. సర్వీసులో ఒక్క కాటాని కూడా కళ్ళతో చూసి పాస్ చేసిన పాపాన పోలేదు. ఏది ఏదో తనకే తెలియకూడదని బావమరిదిచేత మూడింటికీ దిండు గలీబులు తొడిగించాడు. వైర్లు పట్టేంత సందు వదిలి మూతులకి సీసం సీళ్ళు వేయించాడు. క, ఖ, గ అని చీటీలు అంటించాక, అలవాటు కొద్దీ మూడింటినీ తూచి బరువులు రాసుకున్నాడు. పాటకీ బరువుకీ ఏమిటి సంబంధమని భార్య అడగలేదు. అడిగితే అరగంట చెబుతాడు.

ఇంత హంగామా ఒక్క గొంతు కోసం. భార్య తన పంతొమ్మిదో ఏట నలభై మందితో కలిసి ఒక బృందగానంలో నిలబడింది. దాని క్యాసెట్టు స్నేహితుడింట్లో విన్న ఇన్‌స్పెక్టర్‌కి, అందరికన్నా రవ్వంత ముందు లేచే ఒక సన్నని గొంతు పట్టుకుంది. అది రెండో వరుసలో ఎడమ చివర నిలబడ్డ అమ్మాయిదని ఎవరో చెప్పారు. అంతే, వాకబు చేసుకుంటూ వాళ్ళింటికి వెళ్ళి, ఆ అమ్మాయినే పెళ్ళి చేసుకున్నాడు. ఈ ముచ్చట చెప్పి చెప్పి చుట్టాల ప్రాణం తీశాడు. అలాంటిది, క్యాసెట్టుని కంప్యూటర్లోకి ఎక్కించినప్పటినుంచీ ఆ గొంతు దొరకడం మానేసింది. మిషన్‌దే తప్పని పైకి దబాయించాడు గాని, లోపల బెంగ పట్టుకుంది. చెవి పోతోందేమో. తన సంసారానికి మూలమైన గొంతు మళ్ళీ వినకుండానే పోతాడేమో.

పరీక్ష మొదలైంది. ఫ్యాను ఆపారు, ఫ్రిజ్ ఆపారు, గోడగడియారాన్ని దుప్పట్లో చుట్టి బీరువాలో పెట్టారు. సాక్షిగా కూర్చున్న బావమరిదికి ముక్కుతో ఊపిరి తీస్తే చప్పుడవుతుందని నోటితో తియ్యమన్నారు. అతను కూరగాయల మార్కెట్లో వేలం పాడే మనిషి. మాట్లాడితే గిన్నెలు అదురుతాయి. తెర వెనక భార్య వైర్లు మార్చింది.

'క'లో నలభై మందీ ఒక ముద్దలా వినిపించారు. 'ఖ'లో పాట మధ్య ఎవరో దగ్గడం వినిపించింది. 'గ' మోగిన రెండో నిమిషంలో ఇన్‌స్పెక్టర్ చెవులు నిక్కపొడుచుకున్నాయి. ఎడమ పక్క స్పీకర్లో, రవ్వంత ముందు, అదే గొంతు. ఆయనకి ఏడుపొచ్చేసింది. ముసలాడినైపోలేదు, ఇంకా వినగలను అనుకున్నాడు.

వెంటనే ధ్రువపత్రం రాశాడు. "గ అను పెట్టెయందు నా భార్య కంఠస్వరము స్పష్టముగా వినబడినది." తను సంతకం చేసి భార్య ముందు పెట్టాడు.

ఆవిడ చదివింది. పెన్ను తీసుకుంది. మళ్ళీ కింద పెట్టేసింది.

"దీనిమీద నేను సంతకం చెయ్యలేనండీ."

"ఏం, భాష బాలేదా?"

"ఆ రోజు నాకు గొంతు పోయింది. ఊరికే పెదాలు కదిపాను."

బావమరిది కుర్చీలోంచి ముందుకు జరిగాడు. "అక్క పక్కన ఖాళీలో నన్ను నిలబెట్టారు బావా. నాకప్పుడు పదేళ్ళు. గొంతింకా మారలేదు."

బండెడు దొంగ తూకాలు పట్టుకున్న మనిషి, పెళ్ళయిన నాటినుంచీ బావమరిది గొంతు మీద మనసు పారేసుకుని బతికాడు.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడే, ఆ గొంతు కోసం వచ్చానన్నారు. కాదంటే లేచి వెళ్ళిపోతారని భయమేసింది. తర్వాత చెబుదామంటే ప్రతి ఏడాదీ ఇంకా ఆలస్యమైపోయింది. ఊరికే మాటైతే సర్దుకున్నాను. ఇప్పుడు కాగితం మీద అబద్ధం రాయమంటే ఎలా?" ఆవిడ పెన్నుని ఆయన వైపు జరిపేసింది. తన ఇంట్లోనే ఒక మనిషి ఇన్నేళ్ళు భయపడుతూ బతికిందనే సంగతి, గొంతు సంగతికన్నా ఎక్కువగా గుచ్చుకుంది ఆయనకి.

ఆయన ధ్రువపత్రం మీద నిలువునా గీత కొట్టేశాడు. కుర్చీ ఆవిడ దగ్గరికి జరుపుకున్నాడు.

"పాడు."

"ఇప్పుడా? నాకు శ్రుతి కూడా నిలవదు."

"నాకు తెలీదుగా. ఎప్పుడూ వినలేదు."

ఆవిడ తలుపు వైపు చూస్తూ అదే పాట అందుకుంది. గొంతు బొంగురుగా ఉంది, శ్రుతి కిందకి జారుతోంది. ఇన్‌స్పెక్టర్ కళ్ళు మూసుకోలేదు, ఏమీ రాసుకోలేదు. రెండో చరణంలో అక్కకి సాయం చేద్దామని బావమరిది గొంతు సవరించుకున్నాడు.

ఇన్‌స్పెక్టర్ అతని మోకాలి మీద చెయ్యి వేశాడు.

"ఈసారి నువ్వు పెదాలు కదుపు చాలు."