మట్టికాడి పాట

మా వాడలో ముసలి పెంటవ్వను మట్టి చేసి వచ్చిన రోజు నుంచి ఆ పాట నన్ను వదల్లేదు. మా ఊరు మోస్రాలో మా వాళ్లెవరు పోయినా, గుంత దగ్గర తలా పిడికెడు మన్ను వేసేటప్పుడు పాడే పాట అది. “ఇల్లు చేరితివా, అలసట తీరెనా” అని మొదలవుతుంది. మట్టికాడ తప్ప ఇంకెక్కడా పాడరు. ఇంట్లో ఎవరైనా పొరపాటున రాగం తీస్తే పెద్దవాళ్లు నోరు మూయిస్తారు, చావును పేరుపెట్టి పిలిచినట్టే అంటారు.

పెంటవ్వ ఎనభై దాటిన మనిషి, ఆమె గురించి కాదు నా దిగులు. మా కూతురు షారోన్ తొలి కాన్పుకు ఇంటికి వచ్చి ఉంది. అప్పటికి ఏడో నెల.

నేను అసలే భయస్తురాలిని. ఏడో తరగతితో బడి మానేసినా, రాబోయే కీడును చదవడంలో మాత్రం నన్ను మించినవాళ్లు లేరని మా ఆయన దాసు ఎగతాళి చేస్తాడు. అలాంటి నాకు, జొన్నరొట్టె కొడుతుంటే చేతుల చప్పుడులో ఆ పాటే. బియ్యం చెరిగితే చేటలో ఆ పాటే. అది కూడా మొదటి ఒక్క ముక్కే, తిరిగి తిరిగి.

దాసుకు చెప్పుకున్నాను. పాటకు పాటే మందని ఫోన్లో సినిమా పాట పెట్టి నా చెవికి ఆనించాడు. కాసేపటికి ఆ సినిమా దరువు మీద మట్టికాడి పాట నడవడం మొదలైంది. చెబితే, “ఇంకేంది, డ్యాన్స్ జెయ్యి మరి” అన్నాడు. నాకు నవ్వొచ్చింది, వెనకే ఏడుపూ వచ్చింది. చెరుకు కొట్టే రోజులవి. స్పీకర్ డబ్బాలు కట్టుకుని పాటలు మోగిస్తూ పోయే ట్రాక్టర్ల పక్కన వెళ్లి నిలబడ్డాను. ట్రాక్టర్ మలుపు తిరిగేదాకా ఊరుకుని, నాలోని పాట మళ్లీ అందుకుంది.

ఒకరోజు షారోన్ తలకు నూనె పెడుతున్నాను.

“అవ్వా, ఏం పాడుతున్నవ్?”

నా నోరు తెరుచుకుందని అప్పుడే తెలిసింది. “పాటేంది? దగ్గొచ్చింది.”

“దగ్గు మంచిగనే ఉన్నది. ఇంకోసారి దగ్గు,” అని నవ్వింది.

వంటింట్లోకి పోయి నోటి మీద నేనే కొట్టుకున్నాను. ఆ రోజు నుంచి నోరు పాడకుండా దవడన వక్కపలుకు పెట్టుకుని తిరిగాను. షారోన్ పక్కన కూర్చోవడం మానేశాను. నూనె గిన్నె ఆమె చేతికే ఇచ్చేదాన్ని. అన్నం పెట్టి పెరట్లోకి పోయేదాన్ని. అవ్వకు నా మీద కోపమొచ్చిందా అని తండ్రిని అడిగిందట. దాసు చెప్పినా నేను దగ్గరికి పోలేదు.

తొమ్మిదో నెలలో ఒక మధ్యాహ్నం, పొద్దున్నుంచి కడుపులో బిడ్డ కదలడం లేదంది షారోన్. ఆటోలో బోధన్ దవాఖానకు తీసుకుపోయాం. బిడ్డ మెడకు బొడ్డుపేగు చుట్టుకుందని, ముందుగా ఎవరికీ తెలిసేది కాదని డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. మర్నాడు పొద్దున కాన్పయింది. మగపిల్లవాడు. ఏడవలేదు.

ఏడవకుండా పుట్టిన బిడ్డకు మా దగ్గర చర్చి గంట కొట్టరు, పాట పాడరు. మగవాళ్లు ఇద్దరు ముగ్గురు తీసుకుపోయి మట్టిలో పెట్టి వస్తారు. అల్లుడు ప్రభు బయట నిలబడి, గుంత సంగతి ఫోన్లో ఊళ్లో ఉన్న దాసుకు చెబుతున్నాడు. నా పాత చీర ముక్కలో చుట్టిన బిడ్డ నా ఒళ్లో ఉన్నాడు. ఇక దాచుకోలేకపోయాను.

“నా నోరే బిడ్డా. మట్టికాడి పాట పట్టింది నాకు. నీ తలకు నూనె పెట్టుకుంట పాడిన.”

షారోన్ నా వైపు తిరిగింది.

“నాకెర్కనే అవ్వా. ఆ రోజే ఎర్కపట్టిన. నీ నోట్లకెళ్లి నాకు పట్టింది. నువ్వు పక్కకు రాకపోతివి. ఒక్కదాన్నే పండుకొని పాడుకున్న. నేను పాడితే వీడు తన్నేటోడు. ఇంకే పాటకూ తన్నలే. నీ పాట తగిలితే నా పాట గూడ తగలాలె గదా. నేనే సంపుకున్ననా?”

“లేదు బిడ్డా, పాటతోని ఎవ్వరూ పోరు,” అన్నాను. ఆ మాట ఆమెకు చెప్పగలిగాను. నాకు నేను ఇప్పటికీ చెప్పుకోలేకపోతున్నాను.

ఆమె చేయి చాచి చీర అంచు సర్దింది. “అయితే పాడు. వీనికి తెలిసిన పాట అదొక్కటే. సప్పుడు లేకుండ పంపకుండ్రి.”

ఊరికి తిరిగి వచ్చే ఆటోలో ప్రభు ముందు కూర్చున్నాడు, బిడ్డ నా ఒళ్లో ఉన్నాడు. చెరుకు ట్రాక్టర్ ఒకటి దారి ఇవ్వకుండా డబ్బాలు మోగిస్తూ పోతోంది. దాని వెనకే నేను మొదలుపెట్టాను. ప్రభు వెనక్కి తిరిగి చూశాడు. ఊరు కనపడుతుండగా డ్రైవర్ భుజం తట్టి ఆటో పక్కకు ఆపించాడు. “కానియ్యి అత్తమ్మా,” అన్నాడు. మూడు చరణాలూ పాడాను. అన్ని వారాలు నన్ను తిప్పిన ఆ ఒక్క ముక్క తర్వాత ఇంత పాట ఉందని మరిచేపోయాను. ఊరి మొదట్లో దాసు గడ్డపార పట్టుకుని ఉన్నాడు. బిడ్డను ప్రభు చేతుల్లో పెట్టాను.

ఇప్పుడు ఆ పాట నన్ను పట్టడం లేదు. వక్కపలుకు మానేశాను. షారోన్ ఇంకా మా ఇంట్లోనే ఉంది. రోజూ పక్కన కూర్చుని తలకు నూనె పెడతాను. సగం జడ అల్లేసరికి ఆమె గొంతులోంచి ఆ పాట సన్నగా వస్తుంది, మొదటి ముక్కే, తిరిగి తిరిగి. నేను నోరు మూయించను. జడ అయిపోయినా విప్పి మళ్లీ అల్లుతాను.