తెలుగులో రాసిన కాగితం

అమెరికాలో, చాండ్లర్ అనే ఊళ్ళోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో జయంతి టీమ్ లీడ్. తన కింద పనిచేసే నలుగురూ తెలుగు పిల్లలే, నలుగురూ వీసా మీద వచ్చినవాళ్ళే. వాళ్ళచేత అక్కా అని పిలిపించుకుంటుంది. శుక్రవారం పులిహోర తెచ్చి పెడుతుంది. తను దగ్గరికి వెళ్తే చాలు, వాళ్ళలో ఒకడైన శ్రేయాస్ సీట్లోంచి లేచి నిలబడతాడు. ఈ దేశంలో అంత గౌరవం ఎవరికి దొరుకుతుందని మురిసిపోయేది.

ఆవిడ మంటంతా డైరెక్టర్ గ్రెగ్ మీద. పిల్లల్ని కాల్చుకు తింటున్నాడని గట్టి నమ్మకం. అందుకే 2012 వేసవిలో ఉద్యోగుల ఒత్తిడి కొలుస్తామని హెచ్ఆర్ వాళ్ళు ప్రశ్నల కాగితాలు పంచితే ఎగిరి గంతేసింది. పది ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు మార్కులు; ఎంత ఎక్కువొస్తే అంత ఒత్తిడి. పేరు రాయక్కర్లేదు.

"భయపడకండిరా, ఉన్నదున్నట్టు ఫిల్ చేయండి. ఆ గ్రెగ్ సంగతి తేలిపోవాలి," అంది.

నలుగురూ తలలూపారు.

వారం తర్వాత హెచ్ఆర్ లిండా పిలిచింది. మిగతా టీమ్‌లు నలభైకి పదిహేను దాటలేదట. వీళ్ళ సగటు ముప్పై నాలుగు! నేను చెప్పలేదూ అని జయంతికి లోపల ఒకటే సంబరం.

"ఒక కాగితం వెనక మీ భాషలో ఏదో రాశారు. కాస్త చదివి చెప్తారా?" అంది లిండా, పెన్ను తీసి. ఆ మహాతల్లికి అది ఎవరి చేతిలో పెడుతోందో తెలిస్తే కదా!

జయంతి కళ్ళజోడు సవరించుకుంది.

'మీకు అర్థం కాదని తెలిసే రాస్తున్నాను. అక్కా అని పిలవమంది, పిలిచాం. మీటింగ్‌లో అందరి ముందూ దున్నపోతా, నీకు డిగ్రీ ఎవడిచ్చాడ్రా అంటుంది. మాట అర్థం కాకపోయినా అమెరికన్లు నవ్వుతారు. మేమూ నవ్వాలి. వీసా ఎక్స్‌టెన్షన్‌కి ఆవిడ మాటే కావాలి. ఆదివారం సాయంత్రం నుంచే కడుపులో తిప్పుతుంది.'

జయంతి మళ్ళీ మొదటినుంచి చదివింది. గ్రెగ్ పేరు ఎక్కడా లేదు. తను దున్నపోతా అన్నమాట నిజమే. కానీ అది చనువు కాదూ? మనవాళ్ళని కాక ఇంకెవర్ని అంటాం? అలా సర్దిచెప్పుకోబోయింది గానీ, కడుపులో తిప్పుతుందన్న మాట అడ్డుపడింది.

"ఏం రాశారు?" అంది లిండా.

గ్రెగ్ గురించేనని ఒక్క ముక్క అంటే చాలు. ఈ బిల్డింగ్‌లో కాదనేవాడు లేడు. ఆ ముక్క నాలుక చివరిదాకా వచ్చింది. సిగ్గుతో ఒళ్ళంతా చచ్చిపోతుంటే దాన్ని మింగేసి, కాగితంలో ఉన్నదంతా ఇంగ్లీష్‌లో చెప్పింది. దున్నపోతుతో సహా.

లిండా గబగబా రాసుకుని తలెత్తింది. "పాపం! ఎవరి గురించి ఇది?"

"నా గురించే."

లిండా పెన్ను ఆగిపోయింది.

జయంతి తన ఫ్లోర్‌కి తిరిగి వచ్చింది. ఆవిణ్ణి చూడగానే శ్రేయాస్ కుర్చీ వెనక్కి నెట్టి లేచి నిలబడ్డాడు. మూడేళ్ళలో మొదటిసారి ఆవిడ అతని మొహం చూసింది.

కూర్చోమని చెప్పబోయింది. అదీ హుకుంలాగే ఉంటుందనిపించి ఆగిపోయింది. అతను అలాగే నిలబడి ఉన్నాడు.