బయటి గడియ

బ్యాగు డెస్కు కింద ఉంది. ఉమాశ్రీ కాలు చాచినప్పుడల్లా తగులుతోంది. రాత్రికి లింగంపల్లిలో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి కాకినాడ. అక్క కృష్ణప్రియ ఇంట్లో వెనక గది. పది రోజులు.

"అక్కడ ఏం జేస్తవక్కా?" అని పొద్దున టీమ్ లీడ్ జశ్వంత్ అడిగాడు.

"నిద్రపోతాను."

అతను నవ్వాడు. ఆమె జోకు వేయలేదు. మూసాపేటలో తన గదిలో మంచం మీద వాలి కళ్లు మూస్తే కొన్నాళ్లుగా చీకటి రావడం లేదు. రంగురాళ్ల చేపలు వస్తున్నాయి.

ఆ చేపలు ఇటలీలో ఒక కొండవాలు మీద, రెండువేల ఏళ్ల కిందటి రోమన్ భూస్వామి భోజనశాల నేలమీదివి. తవ్వకాల వాళ్లకు ఆ విల్లాలో దొరికింది మోకాలెత్తు గోడలు, రంగురాళ్ల ముగ్గులు పొదిగిన గచ్చులు, గడపరాళ్లు, నూనె గానుగ అడుగు, మెడదాకా భూమిలో పాతిన ద్రాక్షసారా కాగులు, కింద మంట పెట్టి నేలను వెచ్చగా ఉంచిన స్నానాల గది. వాళ్లు ప్రతి రాయినీ స్కాన్ చేసి పంపారు. హైటెక్ సిటీలోని ఈ ఆఫీసు వాటికి కప్పులు, తలుపులు, వెలుతురు కలిపి ఇల్లు చేస్తోంది. మ్యూజియంకి వచ్చినవాళ్లు కళ్లకు హెడ్‌సెట్ పెట్టుకుని అందులో తిరుగుతారు. ఆ ఇంట్లో ఎక్కువ భాగం ఉమాశ్రీ చేతుల్లోంచి వచ్చినదే.

ఇటలీ నుంచి ఆర్కియాలజిస్టు నిన్ననే చూసి బాగుందంది. సోమవారం అప్పగించాలి. ఇక మిగిలింది చివరి సరిచూపు: అసలు స్కాన్‌ని కట్టిన ఇంటి మీద పరిచి, తేడాలు చూడటం.

భోజనశాల సరిపోయింది. స్నానాల గది సరిపోయింది. మధ్యాహ్నానికి వెనక పెరట్లోకి వచ్చింది. అక్కడ బానిసల గదులు, వరసగా. చూడవచ్చినవాళ్ల తిరుగుడు అక్కడే ముగుస్తుంది. ఒక గదిలోకి వెళ్తారు, తలుపు మూసుకుంటుంది, కాసేపు చీకటి. తర్వాత వాళ్లే లోపలి గడియ తీసుకుని బయటికొస్తారు.

స్కాన్‌లో మొదటి గది గడపరాయికి గుంత ఉంది. తను కట్టినదాంట్లో లేదు.

గుర్తుకొచ్చింది. స్కాన్‌లో నీడ పడ్డచోట, రాయి పెచ్చు ఊడినచోట గుంతలు వస్తాయి. పూడ్చాలా అని ప్రోగ్రాం అడుగుతుంది. ఆమె పూడ్చమంటుంది. రోజుకు కొన్ని వందలసార్లు.

రెండో గది తెరిచింది. గుంత. మూడో గది. గుంత. వరస చివరిదాకా వెళ్లింది. అన్నిట్లోనూ ఒకేచోట, గుండ్రంగా, వేలు పట్టేంత. తలుపు నిలిచే గీతకు అవతల, పెరటి వైపు.

పెచ్చులు అన్ని రాళ్లకూ ఒకేచోట ఊడవు. అది తలుపు మీది గడియ కిందికి దిగే గుంత. గడియ బయట ఉంది.

ఆ గుంత ఆమెకు అప్పుడు కనిపించకపోలేదు. కనిపించింది, అర్థం లేనిదనిపించింది. పడుకునే గదికి గడియ లోపల ఉంటుంది. తన గదికి రెండున్నాయి. ఆ నమ్మకం ఎంత తొందరగా పని కానిచ్చేసిందంటే, అదొక నమ్మకమని కూడా ఆమెకు తెలియలేదు.

కాలికి బ్యాగు తగిలింది. ఈ రాత్రి కదలకపోతే సోమవారమే కొత్త ప్రాజెక్టులో వేస్తారు, ఉగాది దాకా ఇంకో సెలవు దొరకదు. స్కాన్‌ని మూసేస్తే చాలు. ఎవరికీ తెలియదు. చాలాసేపు మౌసు మీద చెయ్యి ఉంచి కూర్చుంది. తర్వాత జశ్వంత్‌ని పిలిచింది.

"గిప్పుడు చెప్తవా అక్కా? ఇటలీ మేడమే ఓకే అన్నది. నీకేం ఫికర్?"

"ఆవిడ చూసింది నేను పూడ్చిన రాయిని."

"సామాన్ల గదులేమో. సామాన్లకు బయటే కదా పెడ్తరు."

"ప్రతి గదిలో పొయ్యి ఉంది. పడుకునే అరుగుంది. నేనే కట్టాను కదా."

జశ్వంత్ కుర్చీ లాక్కుని గడపరాళ్లు ఒక్కొక్కటే చూశాడు. నవ్వు పోయింది.

"ఇంటర్ల మా హాస్టల్ గిట్లనే ఉండె," అన్నాడు. "రాత్రయితే వార్డెన్ బయటనుంచి తాళమేస్తుండె. నేనైతే గీ గుంత జూడంగనే గుర్తువడ్తుంటి. నువ్వు ఇంట్ల ఉండి చదివినవ్, నీకెట్ల ఎరుక?"

ఆమె తలుపుల జాబితా తెరిచింది. జశ్వంత్ లెక్కపెట్టాడు.

"అన్ని తలుపులు మార్చాలె. లైటింగ్ మళ్ల చెయ్యాలె. శని, ఆదివారం ఇద్దరం కూసుంటేనే అయితది. నీ లీవు పోతది, జర సోంచాయించు."

"తెలుసు."

అక్కకు ఫోన్ చేసింది.

"ఏమే, బయల్దేరావా? మీ బావగారు స్టేషన్‌కి వస్తారు."

"రావట్లేదక్కా."

"మళ్లీనా! ఈసారేం కొంప మునిగింది?"

"ఒక తలుపుకి గడియ తప్పు వైపు పెట్టాను."

"ఎక్కడ?"

"ఇటలీలో."

"నీ మొహం. రెండువేల ఏళ్లు ఆగిన తలుపు ఇంకో పది రోజులు ఆగదూ?"

"అప్పటికి జనం అందులో తిరుగుతుంటారక్కా."

"వెనక గదిలో కొత్త దుప్పటి కూడా వేశానే," అని అక్క ఫోన్ పెట్టేసింది.

ముందు ఒక గది సరిచేశారు. గుంత తిరిగొచ్చింది. గడియ బయటికి వెళ్లింది. ఇక లోపలివాళ్లు తలుపు తీసుకోలేరు, బయట ఎవరో తీయాలి. పరీక్షించడానికి ఉమాశ్రీ హెడ్‌సెట్ పెట్టుకుంది. బయటి గడియ తీయడానికి కీబోర్డు దగ్గర జశ్వంత్ కూర్చున్నాడు.

తలుపు మూసుకుంది. గడియ రాతిలో దిగిన చప్పుడు అవతలి నుంచి వినిపించింది.

చీకటి. తలుపు కింద సన్నని వెలుతురు గీత. చేపలు రాలేదు. ఇక్కడ తనను ఎవరూ ఏమీ అడగరు. భుజాలు వాటంతటవే కిందికి జారాయి. రెండేళ్లుగా వెతుక్కుంటున్న విశ్రాంతి ఇక్కడ ఉందా అనుకుంది. అనుకున్నాక ఒంట్లో చలి పుట్టింది.

అలవాటుగా చెయ్యి గడియ కోసం వెళ్లింది. అక్కడ చెక్క తప్ప ఏమీ లేదు. ఆ చెయ్యే హెడ్‌సెట్ దాకా వెళ్లి ఆగింది. ఆ అరుగు మీద పడుకున్నవాడికి తీసి పక్కన పెట్టడానికేమీ లేదు.

"అక్కా, తెరవాల్నా?"

"ఆగు."

"ఎంతసేపు పెట్టాలె చీకటి?"

"నాకు చెప్పకు," అంది ఉమాశ్రీ. "నీకు తోచినప్పుడు తియ్యి."

అతను సరేనన్నాడు. ఆ తర్వాత అతని గొంతు వినిపించలేదు. లింగంపల్లిలో రైలు కదిలి ఉంటుంది. ఆమె చెయ్యి దించి, వెలుతురు గీతను చూస్తూ నిలబడింది.